గోమాళము చచ్చినదనువారికి మా సమాధానము

కోలారు, చిక్కబళ్ళాపురము జిల్లాలలోని మన తెలుగు కుటుంబముల నడుమ ఇటీవల ఒక మాట మరల మరల వినవచ్చుచున్నది. "గోమాళము చచ్చినది. అందు గడ్డి లేదు, నీడ లేదు, నీరు లేదు. ఉన్నవి వయ్యారిభామ మొక్కలు, లాంటానా పొదలు, రాళ్ళు. ఇట్టి భూమికై పంచాయతీ చుట్టు తిరుగుట ఎందుకు? అడిగినవారికి పోనిండు" అనునదే ఆ మాట. పలుకువారు పరాయివారు కారు. మన ఇండ్లలోనే చదువుకొన్నవారు, బెంగుళూరులో ఉద్యోగములు చేయువారు, నాలుగు రూకలు కూడబెట్టినవారు. వారి మాటకు ఊరిలో విలువ గలదు. కావుననే ఊరకుండుట తగదని తలచి ఈ సమాధానము వ్రాయుచున్నాము.

మొదట మా సంగతి చెప్పవలెను. ఈ వ్రాతకు పూనుకొన్నవారిలో పలువురము అంగడి పెట్టుకొని తవుడు, చెక్క, బూసా బస్తాలు అమ్మి బ్రదుకువారము. ఊరిలో గడ్డి లేకున్న మా బేరము పెరుగునే గాని తరుగదు. అయినను గోమాళము బ్రదుకవలెనని కోరుచున్నాము. ఏలయన, ఖాతా పుస్తకము మా చేతిలోనున్నది. ఏ ఇంట పాలడబ్బు ముట్టకముందే దాణా బాకీకి చెల్లిపోవుచున్నదో, ఏ ఇంట వేసవి రాగానే ఆవును సంతకు తోలుచున్నారో మాకు తెలియును. కొన్న మేతతోనే పాడిని నిలుపుట వడ్డీకి తెచ్చి వడ్డీ కట్టుట వంటిది. రెండు జెర్సీ ఆవులుండి తోటలో నీరున్నవాడు ఎట్లో గడుపుకొనును. సెంటు భూమి లేక, నాలుగు మేకలో, ఒక నాటావో పెట్టుకొన్న విధవరాలికి గోమాళమొక్కటే దిక్కు. గోమాళము పోనిండనువారు ఆమె నోటి ముందరి కూడు తీయుచున్నారని యెఱుగుదురా?

ఇక గోమాళము ఎవరి సొత్తు? కర్ణాటక భూ కందాయ నియమములు 1966 నాటివి. ఊరిలోని ప్రతి నూరు పశువులకు 12 హెక్టారులు, అనగా దాదాపు 30 ఎకరములు, ఉచిత మేతకై విడువవలెనని అందున్నది. రెండువందల పశువులున్న పల్లెకు అరువది ఎకరములన్నమాట. మన పల్లెలలో ఎన్నింట ఈ లెక్క సరిపోవునో ఎవరి పహణీ వారు చూచుకొనవచ్చును. 2011 జనవరి 28న సుప్రీంకోర్టు పంజాబునుండి వచ్చిన ఒక వ్యాజ్యములో తీర్పు చెప్పుచు, గ్రామముల ఉమ్మడి భూములను ఆక్రమించినవారిని తొలగించి వానిని గ్రామస్థుల ఉపయోగమునకు మరల అప్పగింపవలెనని అన్ని రాష్ట్రములకును ఆదేశించినది. ఇంత బలము చట్టమునందుండగా, బీడుపడినదని మనమే చేతులు దులుపుకొన్నచో అడుగుటకు రేపు ఏ ముఖము మిగులును? "అందు గడ్డి లేదు గదా, పశువులు పోవుట లేదు గదా" అను మాటయే గోమాళమును వేరు పనులకు మార్చుటకు మొదటి మెట్టు. ఈ మెట్టును మనవారే కట్టి యిచ్చుట శోచనీయము.

గోమాళము ఏల ఇట్లైనదో నిదానముగా చూతము. మేతగడ్డి బ్రదుకుట రెండింటివలన. వేరులో దాచుకొన్న సత్తువ ఒకటి, నేలరాలిన విత్తనము రెండవది. వాన పడి చిగురు వేసిన వారమునకే పశువు కొఱికినచో వేరులోని సత్తువ ఖర్చగును. మరల చిగురించును, మరల కొఱుకబడును. వెన్ను వేయు తరుణము రానేరాదు, విత్తనము రాలదు. ఇట్లు పదేండ్లు, ఇరువదేండ్లు జరిగినచో పశువు ఇష్టపడు గడ్డి అంతరించి, పశువు మూతి పెట్టనివి మాత్రము మిగులును. ఉన్నికి గ్రుచ్చుకొను ముళ్ళగడ్డియు, 1950ల దశకమున పూనా వద్ద మొదట కనుగొనబడి దేశమంతయు ప్రాకిన వయ్యారిభామయు, లాంటానాయు ఇట్లు మిగిలినవే. ఇందు నేల చేసిన దోషమేమియు లేదు. మన్ను అక్కడనే యున్నది, వాన కురియుచునే యున్నది. లేనివి విత్తనము, విశ్రాంతి. అసలు కరగిన అంగడికి మరల అసలు పెట్టి, కొంతకాలము లాభము తీయకుండ నిలుపవలెను గాని, అంగడిని తగులబెట్టుదురా?

కావున మేము చెప్పునది ఒక్కటే. బీడును దున్నవద్దు. ఉన్న గడ్డిని పెకలింపవద్దు. దానిమీదనే మంచి మేతగడ్డి విత్తనమును, పప్పుజాతి మేత విత్తనమును వానకాలపు ఆరంభమున చల్లి, కొంతభాగమును ఒక ఋతువు మూసి యుంచవలెను. దీనికి మూడు నాలుగు విధముల ఆక్షేపణలు వచ్చినవి. ఒక్కొక్కదానికి జవాబు చెప్పుదుము.

మొదటి ఆక్షేపణ: "చల్లుట యెందుకు? ట్రాక్టరు పెట్టి దున్ని నేపియరు గడ్డి నాటరాదా? ఎకరమునకు బండ్లకొలది మేత వచ్చును గదా!" వచ్చును, నీరున్నచో. నేపియరునకు వారము పది దినములకొక తడి కావలెను. శాశ్వతముగా పారు నది లేని జిల్లాలు మనవి. వేయి అడుగులు దాటినను బోరుబావులలో నీరు కానరాని పల్లెలెన్నో గలవు. 2018 నుండి బెంగుళూరున శుద్ధి చేసిన నీరు కోలారు చెరువులకు వచ్చుచున్నమాట నిజమే. ఆ నీరు భూగర్భమున ఇంకుటకై వచ్చినదే గాని మిట్టమీది గోమాళమునకు ఎత్తిపోయుటకు గాదు. మఱియు వాలునేలను దున్నినచో మొదటి పెద్దవానకే పైమన్ను చెరువు చేరును. వీనికన్న పెద్ద భయము వేరొకటి గలదు. గోమాళమున ఒకసారి నాగలి పడినదా, అది మరునాటికి ఎవరి చేనగునో చెప్పలేము. ముందు దున్నుట, తరువాత రాగి చల్లుట, ఆపై బగర్ హుకుం అర్జీ పెట్టుట మన కన్నుల యెదుట జరుగుచున్నవే. గడ్డి మీద విత్తనము చల్లిన భూమి గడ్డిభూమిగనే నిలుచును. దానిపై చాలు పడదు, గట్టు లేవదు. దున్నవద్దనుటకు సగము కారణము వ్యవసాయశాస్త్రము, సగము కారణము మన లోకానుభవము.

రెండవ ఆక్షేపణ: "చెట్లు నాటరాదా? ప్రభుత్వమే నాటించును గదా!" ఈ పాఠము మన ప్రాంతము ఒకసారి చదివినది. నీలగిరి చెట్టు టిప్పు కాలమున మన నందికొండ మీదికే మొదట వచ్చినదని చెప్పుదురు.  1980ల దశకమున సామాజిక అడవుల పేరిట పొలములలోను, ఊరి బయళ్ళలోను వరుసలు వరుసలుగా దానిని నాటిరి. ఆ వరుసల క్రింద గడ్డి మొలువలేదు, పశువు నిలువలేదు, కలప లారీలెక్కిపోయినది. కడకు 2017లో కర్ణాటక ప్రభుత్వమే క్రొత్తగా నీలగిరి నాటుటను నిషేధించినది. మేము చెట్టునకు శత్రువులము గాము. గట్లవెంట కానుగయో, తుమ్మయో, వేపయో దూరదూరముగా నున్నచో పశువునకు నీడ, మేకకు ఆకు. మేతబయలును అడవిగా మార్చి దానికి పచ్చదనమని పేరు పెట్టుటకు మాత్రము ఒప్పుకొనము.

మూడవ ఆక్షేపణ పనిపాటులు తెలిసినవారు చేయునది. కావున గౌరవముతో జవాబు చెప్పవలెను. "గట్టినేలమీద విత్తనము చల్లినచో సగము చీమలపాలు, సగము గాలిపాలు" అని వారనుచున్నారు. ఊరక చల్లినచో అది నిజమే. తగిన విధమున చల్లిన గాదు. ఆ విధమును ఇచట వివరించుచున్నాము.

చల్లవలసిన చోటును ముందుగా పశువులచేత నేలబారుగ మేపవలెను, లేదా కోయవలెను. పాతగడ్డి ఎత్తుగ నున్నచో విత్తనము మన్ను నంటదు; మొలచినను ఎండ తగులక నశించును. వయ్యారిభామను పూతకు రాకముందే వేళ్ళతో పెరికివేయవలెను, లాంటానా మొదళ్ళు త్రవ్వి తీయవలెను. పిమ్మట తొలివానకు నేల మెత్తబడగానే పెద్ద ముళ్ళకంపను త్రాటితో కట్టి లాగినచో పైపొర గీరుకొనును. ఇది చాలును, నాగలి అక్కరలేదు. వాలునకు అడ్డముగ అచ్చటచ్చట చిన్న కాలువలు తీసినచో పారు నీరు నిలిచి ఇంకును.

విత్తనములలో మన మెట్టనేలలకు తగినవి రెండు. అంజన్ గడ్డి ఒకటి. వేరు లోతుకు పోయి ఎండకు తట్టుకొనును, ఎన్నియో ఏండ్లు నిలుచును. స్టైలో హమాటా రెండవది, పప్పుజాతి మేత. దాని వేళ్ళపై బుడిపెలుండి గాలిలోని నత్రజనిని నేలకు చేర్చును. మనము వేయు రాగిగడ్డిలో మాంసకృత్తులు నూటికి మూడు నాలుగు పాళ్ళకు మించవు. ఎండబెట్టిన లేత స్టైలోలో నూటికి పదునైదు పాళ్ళ వరకు గలవు. అంగడిలో చెక్క కొనుట దేనికో ఆ పనిలో కొంత ఈ మొక్క చేయునన్నమాట. ఉన్న గడ్డిపై చల్లుటకు ఎకరమునకు ఒక్కొక్కటి రెండు కిలోలు చాలును. పది ఎకరములకు నలువది కిలోలు. ఊరంతయు కలిసి మోయలేని బరువా ఇది?

అంజన్ విత్తనము దూదివలె తేలికయైనది, గాలికి పోవును. తడిమన్నుతోను పేడతోను కలిపి చిన్న ఉండలుగ చేసి ఆరబెట్టి చల్లినచో గాలికి పోదు, చీమకు తేలికగా దొరకదు. మఱియొక సంగతి. అప్పుడే కోసిన అంజన్ విత్తనము మొలువదు. ఆరేడు నెలలు నిలువయున్నదే మొలుచును. కొనునపుడు ఎప్పటి పంటయో అడిగి కొనవలెను. స్టైలో విత్తనమునకు పైతోలు గట్టి. 80 డిగ్రీల వేడినీటిలో, అనగా మరుగకముందు చేయి పెట్టరాని వేడిలో, నాలుగైదు నిమిషములుంచి, తీసి, రాత్రి చన్నీట నానబెట్టి, నీడన ఆరబెట్టి చల్లవలెను. ఈ రెండు పనులు చేయక, చల్లిన మరునెల పోయి చూచి "ఏమియు మొలువలేదు" అనువారి సాక్ష్యము చెల్లదు.

చల్లు కాలము ఆర్ద్ర, పునర్వసు కార్తెలు. విత్తనము లోతుగ పడరాదు. చిటికెనవ్రేలి గోరంత మన్ను కప్పిన చాలును. చల్లినవెంటనే గొఱ్ఱెలమందను ఒకమారు ఆ నేలపై నడిపించినచో గిట్టలు విత్తనమును మన్నున అదుమును. మన గొల్లలకు ఈ సంగతి చెప్పనక్కరలేదు. మన జిల్లాలలో పెద్దవానలు సెప్టెంబరు, అక్టోబరు నెలలవి. జూలైలో ఒక్కొక్కయేడు వాన మొగము చాటువేయును. కావున విత్తనమంతయు ఒకేనాడు చల్లరాదు. మూడవవంతు నిలువ యుంచుకొని, మొలకలు ఎండినచోట ఆగస్టు చివర మరల చల్లవలెను. సరుకంతయు ఒకే బండిమీద పంపువాడు వర్తకుడు గాడు.

నాలుగవ ఆక్షేపణ అన్నింటికన్న బరువైనది. "చల్లుదుము సరే, కాచువారెవరు? ఊరి పశువులన్నియు అందులోనే గదా!" విత్తనము కొనుట సులభము, కాపు కష్టము. మూసియుంచని గోమాళమున చల్లిన విత్తనము గాలిలో చల్లిన డబ్బే. అయితే మేము గోమాళమంతయు మూయుమనుట లేదు. నాలుగు భాగములు చేసి ఏడాదికి ఒక భాగము మూయుమనుచున్నాము. మూడు భాగములు ఎప్పటివలె తెరచియుండును. మూసినచోట గడ్డి వెన్ను వేసి, విత్తనము రాలిన పిమ్మట, అనగా నవంబరు డిసెంబరులలో, కొడవలితో కోసి మోసుకొనిపోవచ్చును. ఆ కోతలో మొదటి వంతు భూమిలేని ఇండ్లకు ఇయ్యవలెను. మూతవలన నష్టపడువారు వారే గనుక లాభము మొదట వారికే చెందవలెను. ఈ నియమము లేని కాపు పేదవానిమీద కట్టిన ముళ్ళకంచె యగును. మేకలవారిని దొంగలవలె చూచుచు "మేకయే గోమాళమును తినినది" అను పెద్దమనుష్యులు తమ ఆక్రమణల సంగతి ఒకమారు తలచుకొనవలెను. రెండవయేట ఆ భాగమును తెరచి మరియొకటి మూయవలెను. తెరచినచోట గడ్డి జానెడు మిగులగనే మందను ముందరికి తోలవలెను. అప్పుడే స్టైలో, అంజన్ రెండును ఒకదానినొకటి మ్రింగక నిలుచును.

ఇది క్రొత్త పోకడ యనుకొనువారు మైసూరు చరిత్ర చూచుకొనవచ్చును. చిక్కదేవరాయ ఒడయరు కాలమున బెన్నెచావడిగ మొదలై, టిప్పు చేత అమృతమహల్ అని పేరుపొందిన పశుశాలకు రాజ్యమంతట కావలులుండెను. వేసవి కావలులు వేఱు, వానకాలపు కావలులు వేఱు, చలికాలపు కావలులు వేఱు. ఒకచోట మేయుచుండగా మరియొకచోట గడ్డి తేరుకొనుచుండెడిది. ఫిరంగులు లాగిన ఎద్దులు ఆ గడ్డి తినినవే. ఆ కావలులలోను నేడు మిగిలినది కొంచెమే. చిత్రదుర్గ జిల్లా చెళ్ళకెరె తాలూకాలో వేల ఎకరముల కావలిభూమి ఈ శతాబ్దపు తొలి దశకము చివరనుండి శాస్త్ర, రక్షణ సంస్థలకు కేటాయింపబడినది. అచటి పల్లెలవారు పిమ్మట న్యాయస్థానముల మెట్లెక్కవలసివచ్చినది. భూమి చేతిలోనున్నప్పుడే వాడుకలో నుంచుకొనుట మేలని ఆ చరిత్ర మనకు చెప్పుచున్నది.

మేము చెప్పునది సర్వరోగనివారిణి గాదు. బండ తేలినచోట విత్తనము చల్లుట దండుగ. వేఱు గడ్డి ఇంకను బాగుగ నున్నచోట విత్తనమే అక్కరలేదు; ఒక ఋతువు మూసినచో అదియే లేచును. వానలు పూర్తిగ తప్పిన యేట చల్లినదంతయు పోవచ్చును. అందుచేతనే ఏడాదికి ఒక భాగమనుచున్నాము. నాలుగేండ్లకు గాని ఫలము పూర్తిగ కానరాదు. నాలుగేండ్లు ఓర్వలేనివారు, నలువది యేండ్లుగ చెడినది ఒక వానకు బాగుపడలేదని నిందించుట న్యాయము గాదు.

ఇంకొక మాట. గోమాళము మన ఒక్కరిది గాదు. కన్నడము మాటలాడు మన ఇరుగుపొరుగువారి పశువులును అందే మేయును. అర్జీ కన్నడమున వ్రాయింతము, వారితో కలిసి సంతకములు చేయుదము. "నోటీసు మాకు అర్థము కాలేదు" అని ఇంట కూర్చుండి, పిమ్మట గోమాళము పోయినదని వగచుట మన పెద్దలలో కొందరికి వాడుకయైనది. చదువుకొన్న పిల్లలు లేని ఇల్లు నేడు లేదు. వారిచేత చదివించుకొనవలెను.

కర్తవ్యము ఇది. మొదటిది: ప్రతి పల్లెనుండి ఇద్దరు పోయి తమ గోమాళపు సర్వే నంబరు, విస్తీర్ణము, ఆక్రమణ వివరములు పహణీనుండి వ్రాసి తీసుకొనవలెను. రెండవది: గ్రామసభలో మూతభాగమును, కాపు నియమములను, కోతలో పేదల వంతును తీర్మానముగ వ్రాయించవలెను. నోటిమాట చాలదు. మూడవది: మృగశిర ప్రవేశింపకముందే, అనగా జూన్ మొదటివారము లోపల, విత్తనము చేరవలెను. పశువుల ఆసుపత్రిలో అడుగుడు. ధారవాడలో కేంద్ర ప్రభుత్వపు గడ్డి, మేత పరిశోధన సంస్థకు ప్రాంతీయ కేంద్రము గలదు, అచటికి వ్రాయుడు. మొదటియేట కొన్నదానినుండియే విత్తనము ఏరి దాచినచో మూడవయేట కొననక్కరలేదు. అంగళ్ళు గల మనవారు తలకొక కిలో విత్తనపు వెల భరించుట ధర్మము. దాణా బస్తాపై మనము తీసిన లాభము ఏ పశువుల పొట్టనుండి వచ్చినదో ఆ పశువులకు అంతమాత్రము ఋణపడియున్నాము.

గోమాళము చచ్చినదనువారిని ఒక్కటి అడుగుచున్నాము. చచ్చినదానికై ఇందరు కన్నువేసి కూర్చుండుదురా? దానిని కోరువారందరికి దాని ప్రాణము తెలియును. తెలియనిది మనకే. వాన రాకముందే తెలిసికొందము.